జంపయ్య బస్సులో తెచ్చిన రైలింజన్లు

నా పేరు వేములపల్లి రాజ్యశ్రీ. తండ్రి పేరు నాగేశ్వరరావు. వయస్సు ఇరవై నాలుగు. భద్రాచలంలో ఒక కాన్వెంటు స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. చదువుకున్నదీ అక్కడే. స్కూలు వెనక సిస్టర్ల హాస్టల్లో ఉంటాను. ఈ రోజు, 11-11-2025 మంగళవారం, ఎవరూ పిలవకుండా నేనే ఠాణాకు వచ్చాను. నోటితో చెబితే తడబడతానని, రాసి ఇస్తానని అడిగాను. ఎస్.ఐ. గారు ఒప్పుకున్నారు. హెడ్ కానిస్టేబుల్ రామ్‌సింగ్ గారు కాగితాలు ఇచ్చి, కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పారు. అందుకు కృతజ్ఞతలు.

నిన్న ఉదయం చర్ల నుంచి భద్రాచలం వచ్చే బస్సులో మీకు దొరికిన చెక్కపెట్టె నాది. జంపయ్య గారు దాన్ని నా కోసమే తెస్తున్నారు. తెచ్చిపెట్టమని ఫోనులో అడిగింది నేనే. ఆయన మీకు చెప్పని పేరు నాదే.

పెట్టెలో ఉన్నవి ఏడు బొమ్మ రైలింజన్లు. అవి మా తాతయ్య పిచ్చయ్య గారివి. ఆయన మా నాయనమ్మకు తమ్ముడు. మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి చర్ల మండలం వేపలగట్టులో మిరప, పొగాకు వేసుకుంటూ స్థిరపడ్డారు. తాతయ్యకు వ్యవసాయం పట్టలేదు. ఊళ్ళో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నారు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆయనకు రైళ్ళంటే ఇష్టం. మా ఊరికి రైలు లేదు. దగ్గరి స్టేషను గోదావరికి అవతల మణుగూరులో ఉంది. సికింద్రాబాదు వెళ్ళినప్పుడల్లా పాత సామాన్ల అంగళ్ళు తిరిగి ఈ ఇంజన్లు కొనేవారు. ఇవి పిల్లలు తాడు కట్టి లాగే బొమ్మలు కావు. అసలు ఇంజన్లకు విదేశాల్లో చేసిన చిన్న నకళ్ళు. చిన్న పట్టాల మీద, ఆ పట్టాల్లోంచే కరెంటు తీసుకుని నడుస్తాయి.

వేపలగట్టులో ఆ రోజుల్లో ఎండాకాలం పగలు కరెంటు ఉండేది కాదు. అందుకని తాతయ్య ఒక్కొక్క ఇంజనునూ విప్పి లోపల మార్పులు చేశారు. బ్యాటరీ పెట్టారు. రిమోటుకు పలికే చిన్న బోర్డు పెట్టారు. చిన్న స్పీకరు పెట్టారు. మణుగూరు పోయి బొగ్గు రైలు కూతను రికార్డు చేసుకుని వచ్చి అందులో పెట్టారు. పైన మన డీజిల్ ఇంజన్ల రంగులు వేశారు. అన్నిటికంటే పెద్దది మూరెడు పొడవు ఉంటుంది. దానికి ఎర్ర రంగు వేసి, మధ్యలో పసుపు పట్టీ గీశారు.

బ్యాటరీ, తీగలు, బోర్డు, వేరుగా ఒక రిమోటు. ఇవన్నీ కలిపి రాస్తుంటే ఆ పెట్టె మీకు ఎలా కనిపించిందో నాకు తెలుస్తోంది. మందుపాతరలు పేలిన మా రోడ్డు మీద అలాంటి పెట్టెను చూసీ చూడనట్టు వదిలేయడం కుదరదు. మీరు ఆపినందుకు నాకు కోపం లేదు. జంపయ్య గారిని ఇంటికి పంపించమని అడగడానికి మాత్రమే వచ్చాను.

జంపయ్య గారు తాతయ్య షాపులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. వేపలగట్టు పక్కన కోయగూడెం వారిది. నేను ఆయనను మామా అంటాను. ఇక్కడ కూడా అలాగే రాస్తాను. ఆయన భార్య భీమక్కను అత్తా అంటాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ చనిపోయింది. ఆ వేసవి సెలవులకు నాన్న నన్ను వేపలగట్టులో వదిలారు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడకూడదని కాదు. మాట వచ్చేది కాదు. తాతయ్య నన్ను పలకరించడం, బతిమాలడం ఏమీ చేయలేదు. షాపు నుంచి వరండా మీదుగా నేను పడుకునే గది గుమ్మం దాకా పట్టాలు వేశారు. మర్నాడు ఎర్ర ఇంజను వచ్చింది. వెనక పైకప్పు లేని ఒక చిన్న బండి. దాని మీద ఒక కథల పుస్తకం, ఒక జామకాయ. పుస్తకం తీసుకుని ఖాళీ బండిని వెనక్కి తిప్పితే మరో పుస్తకం వచ్చేది. చదవాలని లేకపోతే పుస్తకాన్ని బండి మీదే ఉంచేదాన్ని. అప్పుడు జామకాయ ఒక్కటే వచ్చేది. ఎందుకు చదవలేదని ఎవరూ అడగలేదు.

షాపులో పుస్తకాన్నీ కాయనూ బండికెత్తేది జంపయ్య మామ. ఇంజను గుమ్మం దగ్గర ఆగితే, వరండా ఆ చివర నుంచి స్టేషను వాళ్ళలాగా కేక వేసేవాడు.

“వేపలగట్టు, వేపలగట్టు! దిగేటోళ్ళు దిగుండ్రి! సామాను సూస్కోండ్రి!”

ఒక రోజు నేను, “కాయ పచ్చిగా ఉంది” అన్నాను. ఆ వేసవిలో నా మొదటి మాట అదే. మామ తల కూడా ఎత్తలేదు. మోటారుకు తీగ చుడుతూనే జవాబు చెప్పాడు.

“అవ్ పాపా. గార్డు మీద కంప్లైంటు రాస్తున్న. రేపు పండుది రాకపోతె వాని నౌకరి ఊడబీకుత.”

ఆయన ఆ రోజు నా వైపు తిరిగి చూసి ఉంటే నేను మళ్ళీ మాట్లాడేదాన్ని కాదేమో. చూడనందుకు ఆయనకు కృతజ్ఞతలు. ఇది కేసుకు అవసరమా అని ఇప్పుడే రామ్‌సింగ్ గారు అడిగారు. అవసరమే అనుకుంటున్నాను. ఉండనివ్వమన్నాను.

2022 జూలై వరదలో గోదావరి నీళ్ళు షాపులోకి వచ్చాయి. మామ ఇంజన్ల పెట్టెను నెత్తిన పెట్టుకుని మెరకకు తీసుకుపోయాడు. తాతయ్య వైండింగ్ యంత్రాన్ని తెమ్మని కేకలు వేస్తుంటే, “అది కొనుక్కోవచ్చు సారు” అన్నాడట. ఆ తరవాత తాతయ్య ఇంజన్లన్నిటికీ అతుకుల మీద గుగ్గిలం, మైనం కలిపి కరిగించి పోశారు. పడవలకు నీళ్ళు కారకుండా పూస్తారు కదా, అదే. ఛార్జింగుకు చిన్న రంధ్రం మాత్రం వదిలారు. అప్పటి నుంచి వాటిని విప్పడం కుదరదు. నిన్న మీ పోలీసు కుక్క పెట్టె వాసన చూసి తుమ్మిందట. అది ఆ గుగ్గిలానికే.

పోయిన నెలలో తాతయ్య గుండె ఆగి పోయారు. పోయేముందు నలుగురిలో ఒక మాట చెప్పారు. “ఇంజన్లు రాజికి.” మిగతా బంధువులు షాపు, యంత్రం పంచుకున్నారు. ఇంజన్లు ఎవరూ అడగలేదు. పెట్టె మామ ఇంట్లోనే ఉంది. స్కూల్లో పుస్తకాల తనిఖీ జరుగుతున్నందువల్ల నాకు సెలవు దొరకలేదు. శనివారం మామకు ఫోను చేసి, వీలైనప్పుడు బస్సులో తెచ్చిపెట్టమన్నాను. “సోమారం తెస్త పాపా, ఇంట్ల ఉంచితె మీ అత్త అలమారి జేస్తది పెట్టెను” అన్నాడు.

నిన్న జరిగింది నేను చూడలేదు. భీమక్క అత్తకు కండక్టరు లాలి గారు చెప్పింది, రామ్‌సింగ్ గారు నాకు చెప్పింది కలిపి రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

మామ పెట్టెను సీటు కింద పెట్టాడు. కుదుపులకు మీట నొక్కుకుని బ్యాటరీలు అయిపోతాయని రిమోటును పెట్టెలో ఉంచకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. తనిఖీ కేంద్రం ఇంకా ఫర్లాంగు దూరం ఉండగా బస్సు మలుపు తిరిగింది. నిలబడ్డ మనిషి ఎవరో ఆయన మీద పడ్డారు. జేబులో మీట నొక్కుకుంది. సీటు కింద బొగ్గు రైలు కూసింది. చక్రాలు గరగరమన్నాయి.

“బండాపు! సీటు కింద ఏందో పేలేటట్టుంది!” అని లాలి గారు అరిచారట. అందరూ దూకేశారు. మామ ఒక్కడే దిగలేదు. పెట్టెను వదిలి దిగడానికి మనసొప్పలేదట. తనిఖీ కేంద్రం వాళ్ళు వచ్చేసరికి ఖాళీ బస్సులో పెట్టెను పట్టుకుని కూర్చున్నాడు.

“ఏంది పెట్టెల?”

“ఇంజన్లు.”

“ఎవలివి?”

“పిచ్చయ్య సారువి.”

“ఏడున్నడు ఆయన?”

“సచ్చిపోయిండు.”

“మరి ఎవలికి తీస్కపోతున్నవ్?”

నిన్న ఉదయం నుంచి ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు.

ఈ ఉదయం మొదటి పీరియడ్‌లో భీమక్క అత్త మా లైబ్రరీకి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచింది. మా లైబ్రరీలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

“రాజి పాపా! మీ మామను ఠాణాల కూసోబెట్టిన్రు. పెట్టె ఎవలికంటె చెప్తలేడు. నోట్ల గుగ్గిలం పోస్కున్నడా ఏంది!”

“ఎందుకు చెప్పడం లేదత్తా?”

“నిన్న పొద్దుగూకి పోయిన. మా భాషల అడిగిన, వాళ్ళకు సమజ్ గాకుంట. పాప పేరు ఠాణాల చెప్తె పాపను పిలుస్తరు అన్నడు. ఒక్కపారి పేరు ఎక్కినంక ఇగ ఏది జరిగినా పిలుస్తనే ఉంటరు అన్నడు. మా తమ్ముని పేరు గట్లనే ఎక్కింది పాపా, ఆరేండ్లు ఠాణా సుట్టు తిరిగిండు. బళ్ళె నౌకరి జేస్కునే పిల్ల, నలుగురిల మాట్లాడనీకె భయపడే పిల్ల, ఆడికి వచ్చి ఎట్ల నిలబడ్తది అంటడు. గిట్లయితె జైలుకు పంపుతరు ముసలోడా అంటె, పోత తియ్ అంటడు.”

మా వైపు గూడేల్లో ఇది మామూలు సంగతి. ఒక మనిషిని కాపాడాలంటే ఆ మనిషి పేరు ఎక్కడా చెప్పరు. పేరు చెప్పకపోతే చెప్పని వాడి మీదే అనుమానం వస్తుందని తెలిసినా చెప్పరు. మామ మిమ్మల్ని మోసం చేయాలని దాచలేదు. నా కోసం దాచాడు. దయచేసి ఈ మాటను ఇలాగే ఉంచండి.

నేను సిస్టర్‌ను సెలవు అడిగాను. సంగతి విని, “వెళ్ళు. గొంతు పెంచి మాట్లాడు” అన్నారు. ఇద్దరం బస్సెక్కి పదకొండు దాటాక ఇక్కడ దిగాము. మామ ఆవరణలో గోడ వార బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపి, గోడ వైపు తిరిగాడు. నన్ను ఎరగనట్టు.

ఎస్.ఐ. గారి ముందు నిలబడి, పెట్టె నాది అని చెప్పాను. ఇంకొంచెం గట్టిగా చెప్పమ్మా అన్నారు. మళ్ళీ చెప్పాను.

“ఇంతే సంగతి అయితే నిన్ననే చెప్పొచ్చు గదమ్మా ఈయన,” అన్నారు ఎస్.ఐ. గారు.

“నిన్నటి సంది అడుగుతనే ఉన్న సార్,” అన్నారు రామ్‌సింగ్ గారు. “అన్నం పెడితె తింటడు, చాయ్ పోస్తె తాగుతడు. పేరు అడిగితె గోడకు సున్నం మంచిగేసిన్రంటడు.”

మామకు రాత్రి అన్నం పెట్టించి, కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చినందుకు రామ్‌సింగ్ గారికి కృతజ్ఞతలు. అది ఆయన సొంత దుప్పటి అని మామ చెప్పాడు.

అయినా నా మాట ఒక్కటే చాలదని ఎస్.ఐ. గారు చెప్పారు. పెట్టెలో ఏముందో తేలాలి. ఈ రోజులోగా తేలకపోతే మామ మీద కేసు రాసి కోర్టుకు పంపడం తప్పదన్నారు. కొత్తగూడెం నుంచి బాంబుల తనిఖీ బృందం వచ్చింది. ఆవరణలో ఇసుక బస్తాల మధ్య ఉంచిన పెట్టెను వాళ్ళు యంత్రంతో చూశారు. ఆరింటిలో మోటారు, బ్యాటరీ తప్ప ఏమీ లేవన్నారు. ఎర్ర ఇంజను దగ్గర ఆగారు.

“దీని కడుపు నిండా సీసం ఉంది సార్. నాటు తుపాకీల్లో పోసే రవ్వలు కావచ్చు. విప్పడానికి రాదు. పైభాగం పగలగొట్టాలి, లేదంటే మొత్తం పేల్చేయాలి.”

బృందంలోని ఆయన నన్ను అడిగారు. “పగిలితే మళ్ళీ అతకదమ్మా. మీ పెద్దాయన గుర్తు అంటున్నావు. సరేనా?”

సీసం ఎందుకుందో నాకు తెలియదు. అందులో ఏముందో తెలియకుండానే సరే అన్నాను. మామ నా పేరు దాచినప్పుడు లెక్కలు వేసుకోలేదు.

అందరినీ దూరంగా ఉంచి పగలగొట్టారు. మూత రెండు ముక్కలైంది. సీసం కిందికి జారింది. నేలంతా దొర్లింది. ఎస్.ఐ. గారు వంగి అరచేతిలోకి తీసుకుని చూస్తున్నారు. గేటు బయట నిలబడమన్న భీమక్క అత్త ఎప్పుడు లోపలికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

“ఇవి మా వల పూసలు!”

విసురు వల అంచుకు, నీటిలో మునగడానికి, వరసగా గుచ్చి కట్టే సీసపు పూసలు అవి. ఒక్కొక్క దానికీ తాడు దూరే బెజ్జం ఉంది. అత్త ఎస్.ఐ. గారి చేతిలోంచే ఒకటి తీసుకుని చూపించింది.

“సూడుండ్రి సారు, ఒక పక్క చపటగ ఉంది. మా నాయిన సుత్తి దెబ్బ ఇది. గోదారి ఒడ్డుకు కూసోని మా నాయిన పోసిండు. పెండ్లికి నాకిచ్చిన వల.” అక్కడితో ఆగి, మామ వైపు తిరిగింది. “ఎలకలు కొట్టినయంటివి గద!”

మామ బెంచీ మీద కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు.

“వలను ఎలకలు పాడు జేసినయ్, పూసలు నీళ్ళల్ల పోయినయ్ అంటివి! పదిహేనేండ్ల సంది తిడుతున్న ఎలకలను! పిల్లిని సాదితి! ఆ పిల్లికి పాలు పోస్తి!”

బృందంలోని వాళ్ళు ముందు నవ్వారు. తరవాత రామ్‌సింగ్ గారు నవ్వారు. ఎస్.ఐ. గారు అటు తిరిగారు.

మామ నెమ్మదిగా చెప్పాడు. “బ్యాటరీ పట్టనీకె లోపలి ఇనుపదిమ్మ తీసేసినంక ఇంజను తేలికయింది. బండి మీద పుస్తకం పెడితె చక్రం జారుతుండె, గుంజకపోతుండె. పాప మాట్లాడతలేకుండె గద. ఏం జెయ్యమంటవ్.”

అత్త చేతిలో పూసను కొంగుకు తుడిచింది.

“అడిగితె నేనే ఇయ్యకపోదునా,” అంది.

ఈ సంగతి నాకు ఈ మధ్యాహ్నం వరకూ తెలియదు. తాతయ్య చెప్పలేదు. మామ చెప్పలేదు. ఆ వేసవి ఇంజను నా గుమ్మం దాకా పుస్తకాలు మోసుకొచ్చింది భీమక్క అత్త తండ్రి పోసిన పూసల బరువుతో. ఆ ఏడు వాళ్ళింట్లో వల లేదు. చేపలు లేవు.

తుపాకీ రవ్వలకు బెజ్జాలు ఉండవని బృందం వాళ్ళు రాసి ఇచ్చారు. పెట్టె నా వారసత్వమని నేను రాసి ఇస్తే చాలు, జంపయ్యను పంపిస్తామని ఎస్.ఐ. గారు చెప్పారు. నేను కుర్చీలో కూర్చున్నప్పుడు మామ లేచి వచ్చాడు.

“పాపా, పేరు రాయకు. నేను ఇంకో రెండు దినాలు కూసుంట. ఈడ మంచిగనే ఉంది. చాయ్ గూడ మంచిగుంది.”

“కూర్చో మామా,” అన్నాను. “రాయడం నాకు వచ్చిన పని.”

ఇప్పుడు నా మనవి. పగిలిన ఇంజను సహా ఏడూ నాకు ఇప్పించండి. పూసలు భీమక్క గారికి ఇప్పించండి. ఆమె ఇప్పటికే ఏరుకుంటున్నారు. రామ్‌సింగ్ గారు టార్చి వేసి బెంచీ కింద వెతికిపెడుతున్నారు. అందుకు కృతజ్ఞతలు.

ఈ విషయంలో ముందు ముందు ఏమైనా అడగవలసి వస్తే నన్ను పిలవండి. జంపయ్య గారిని పిలవవద్దు. ఆయన పేరు మీ పుస్తకంలో ఎక్కడైనా ఎక్కి ఉంటే పక్కన నా పేరు, ఫోను నంబరు రాసుకోండి. ఎన్నిసార్లు పిలిచినా వస్తాను. గట్టిగా మాట్లాడమంటే మాట్లాడతాను. భయం ఉంటుంది. అయినా వస్తాను.

రాయవలసినది ఇంకా ఉంది. నా సంతకం పడగానే ఆయన ఇంటికి పోవచ్చని ఎస్.ఐ. గారు అన్నారు కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

పైన రాసినదంతా నా చేతితో, ఎవరి బలవంతమూ లేకుండా రాశాను. నేను చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాశాను. మళ్ళీ చదువుకున్నాను. నిజం.

(సంతకం) వే. రాజ్యశ్రీ

పూసలు తనవేనని గుర్తించినందుకు సాక్షి: భీమక్క, భర్త జంపయ్య, ఎడమ చేతి బొటనవేలి ముద్ర